చెరసాల నుంచి కాబా దాకా: మాల్కమ్ ఎక్స్ జీవితం

నూజివీడులో మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. అసర్ నమాజు అయ్యాక బయటికి వస్తుంటే మస్జిద్ మెట్ల దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. పక్కన తల వంచుకుని ఇరవై రెండేళ్ల కొడుకు. ఎవరి తోటలోనో బోరు మోటారు తీగ కోసుకుపోయారన్న కేసులో కొన్ని వారాలు సబ్‌జైలులో ఉండి, బెయిలు మీద ఆ రోజే బయటికి వచ్చాడు. ఇంట్లో తండ్రి గడప తొక్కనివ్వనని కూర్చున్నాడట. పెద్దమ్మాయికి సంబంధం ఖాయమయ్యే సమయం. ఈ అబ్బాయి ఇంట్లో కనిపిస్తే పెళ్లివారు వెనక్కి తగ్గుతారని ఆయన భయం. ఆ తల్లి నన్ను అడిగింది ఒక్కటే. దీన్ ప్రకారం వీడికి తలుపు తీయాలా, వద్దా అని.

బెయిలంటే కేసు ఇంకా తేలలేదని అర్థమమ్మా, కోర్టు చెప్పని తీర్పు ఇంటివాళ్లు చెప్పకూడదని ఆమెకు చెప్పి, తండ్రితో మాట్లాడతానని పంపించాను. కానీ ఇషా తర్వాత కూడా మనసు కుదుటపడలేదు. మదరసాలో చదువుకునే రోజుల్లో ఉర్దూలో చదివిన ఒక జీవిత చరిత్ర గుర్తుకొచ్చింది. దొంగతనం కేసులో జైలుకెళ్లి, ఆరున్నరేళ్ల తర్వాత పెరోల్ మీద బయటికి వచ్చిన ఒక మనిషి కథ అది. ఆయన పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆయన కోసం తలుపు తీసినవాళ్ల పేర్లు మాత్రం దాదాపు ఎవరికీ తెలియవు. ప్రియ పాఠకులారా, ఈ వ్యాసం ఎక్కువగా ఆ రెండోవాళ్ల కోసమే రాస్తున్నాను.

మాల్కమ్ లిటిల్ 1925 మే 19న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా నగరంలో పుట్టాడు. తండ్రి ఎర్ల్ లిటిల్ క్రైస్తవ బోధకుడు. నల్లజాతివారు తమ కాళ్ల మీద తాము నిలబడాలని చెప్పిన మార్కస్ గార్వీ ఉద్యమంలో పనిచేసేవాడు. తల్లి లూయీస్ గ్రెనడా దీవి నుంచి వచ్చినావిడ. తెల్లజాతి దురహంకారుల బెదిరింపుల మధ్య కుటుంబం ఊళ్లు మారుతూ మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ చేరింది. 1929లో వాళ్ల ఇల్లు తగలబడింది. 1931లో తండ్రి ట్రాము కింద పడి చనిపోయాడు. అది ప్రమాదమని అధికారులు రాసుకున్నారు, హత్య అని కుటుంబం నమ్మింది. పిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా ఈడ్చుకొచ్చిన తల్లి చివరికి మనసు చెదిరి 1939లో మానసిక చికిత్సాలయం పాలైంది. 1963లో కుటుంబం ఆమెను అక్కడి నుంచి విడిపించుకునేదాకా ఇరవై నాలుగేళ్లు అక్కడే ఉంది. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మాల్కమ్‌ను మేసన్ అనే ఊళ్లోని బాలల వసతి గృహానికి పంపారు.

అక్కడి బడిలో అందరూ తెల్లవాళ్లే. అయినా తరగతికి నాయకుడిగా ఎన్నికయ్యేంత చురుకైన విద్యార్థి మాల్కమ్. పెద్దయ్యాక వకీలునవుతానని ఒక ఉపాధ్యాయుడితో చెప్పుకుంటే, నల్లవాడికి అది కుదిరే పని కాదు, వడ్రంగం నేర్చుకో అన్నాడాయన. వడ్రంగం హలాల్ సంపాదన, అందులో చిన్నతనమేమీ లేదు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) చెక్కతోనే ఓడ కట్టారు. కానీ ఆ మాటలో ఉన్నది వృత్తి పట్ల గౌరవం కాదు, మనిషి పట్ల చులకన. ఆ పిల్లవాడికి అది అర్థమైంది. ఆ తర్వాత చదువు మీద మనసు నిలవలేదు.

1941లో బోస్టన్‌లో ఉన్న సవతి అక్క ఎల్లా దగ్గరికి చేరాడు. బూట్లు తుడిచాడు, రైళ్లలో తినుబండారాలు అమ్మాడు. న్యూయార్క్‌లోని హార్లెమ్ రుచి చూశాక జూదం, మత్తుమందు, దొంగతనం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1944 చివర్లో ఒక చిన్న దొంగతనం కేసులో బోస్టన్ కోర్టు మూడు నెలల శిక్ష విధించి, దాన్ని నిలిపివేసి, ఏడాది ప్రొబేషన్ మీద వదిలింది. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా, ఒక అధికారి కనిపెట్టి ఉండగా బయటే ఉంచి సరిచేసే పద్ధతి. అదే బోస్టన్ నగరంలో 1841లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే వ్యక్తి ఒక తాగుబోతుకు తాను జామీనుగా నిలబడి కోర్టు నుంచి ఇంటికి తీసుకెళ్లాడు. అమెరికాలో ప్రొబేషన్‌కు మూలం అదే అంటారు. మాల్కమ్ వంతు వచ్చేసరికి ఆ పద్ధతిలో కాగితం మిగిలింది, చెయ్యి పట్టుకునే మనిషి మిగల్లేదు. ఏడాది తిరిగేసరికి అతను ఇళ్లకు కన్నం వేసే ముఠాలో ఉన్నాడు.

దొంగిలించిన గడియారాన్ని మరమ్మతుకిచ్చి 1946 జనవరిలో పట్టుబడ్డాడు. ఫిబ్రవరిలో ఎనిమిది నుంచి పదేళ్ల శిక్ష పడింది. ముఠాలోని తెల్లజాతి స్త్రీలు చాలా తక్కువ శిక్షతో బయటపడ్డారు. దొంగతనం కన్నా తెల్ల స్త్రీలతో స్నేహానికే కోర్టు తనను ఎక్కువగా శిక్షించిందని మాల్కమ్ చివరిదాకా నమ్మాడు. అప్పటికి అతనికి ఇరవయ్యొక్క ఏళ్లు నిండలేదు. మన దేశంలో 1958లో వచ్చిన ప్రొబేషన్ చట్టం ప్రకారం, యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, ఇరవయ్యొక్క ఏళ్ల లోపు వాళ్లను జైలుకు పంపాలంటే న్యాయమూర్తి ప్రత్యేకంగా కారణాలు రాయాలి. మన వకీళ్లు ఈ చట్టాన్ని ఎంత తరచుగా అడుగుతున్నారో వాళ్లే చెప్పాలి.

చార్లెస్‌టౌన్ జైలు 1805 నాటిది. గదుల్లో నీటి కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, ఒక బకెట్ ఉండేది. అక్కడ మాల్కమ్ అందర్నీ తిట్టేవాడు, దేవుణ్ణీ తిట్టేవాడు. తోటి ఖైదీలు అతనికి షైతాన్ అని పేరు పెట్టారు. అతని తీరు మార్చిన మొదటి మనిషి మౌల్వీ కాడు, జైలు అధికారి కాడు. బెంబ్రీ అనే మరో ఖైదీ. అతను నోరు విప్పితే కాపలాదారులు కూడా ఆగి వినేవారు, ఎందుకంటే అతను చదివినవాడు. బూతులు మాని గ్రంథాలయానికి పొమ్మని మాల్కమ్‌కు చెప్పాడు. అల్లాహ్ తాను కోరినవారికి తాను కోరిన చోటి నుంచి ఉపాధ్యాయుణ్ణి పంపుతాడు.

ఇక కుటుంబం సంగతి. జైలుకెళ్లిన తమ్ముణ్ణి ఈ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వదిలేయలేదు. హిల్డా, విల్‌ఫ్రెడ్, ఫిల్‌బర్ట్, తమ్ముడు రెజినాల్డ్ ఉత్తరాలు రాశారు, కలవడానికి వచ్చారు. పంది మాంసం తినకు, సిగరెట్టు తాగకు, జైలు నుంచి బయటపడే దారి చూపిస్తానని ఒక ఉత్తరంలో రెజినాల్డ్ రాశాడు. మాల్కమ్ దాన్ని జైలు అధికారులను బురిడీ కొట్టించే ఏదో కిటుకు అనుకున్నాడు. అయినా మరుసటిసారి భోజనాల బల్ల మీద పంది మాంసం పళ్లెం వస్తే ముట్టకుండా పక్కవాడికి అందించాడు. ఖైదీలందరూ ఆశ్చర్యంగా చూశారట. అర్థం తెలియకపోయినా ఒక హరామ్‌ను వదలడం అతని జీవితంలో తొలి మలుపైంది. అక్క ఎల్లా అధికారుల చుట్టూ తిరిగి, 1948లో అతన్ని నార్‌ఫోక్ ప్రిజన్ కాలనీకి మార్పించింది.

ఈ నార్‌ఫోక్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి. ఖైదీని మనిషిగా చూస్తే మారతాడన్న నమ్మకంతో హోవర్డ్ గిల్ అనే అధికారి 1920ల చివర్లో ప్రారంభించిన జైలు అది. గదులకు ఇనుప ఊచలు లేవు. ఒక దాత ఇచ్చిన పుస్తకాలతో పెద్ద గ్రంథాలయం ఉండేది. విశ్వవిద్యాలయాల విద్యార్థులు వచ్చి ఖైదీలతో వాదప్రతివాదాల పోటీలు పెట్టేవారు. మాల్కమ్ నిఘంటువును మొదటి పేజీ నుంచి చేత్తో రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసింది తనకు తాను పైకి చదువుకునేవాడు. రాత్రి పది గంటలకు దీపాలు ఆర్పేస్తే, నడవలోని బల్బు నుంచి తలుపు దగ్గర నేల మీద పడే వెలుతురులో కూర్చుని చదివేవాడు. కాపలాదారు గంటకోసారి వస్తే పరుపు మీదికి దూకి నిద్ర నటించేవాడు. కళ్లు పాడై అద్దాలు వచ్చాయి. ఆయన ఫొటోల్లో మనం చూసే ఆ కళ్లద్దాలు ఆ నేల మీది వెలుతురు ఇచ్చినవే. మా అబ్బాయికి చదువు ఎక్కదని మస్జిద్‌కు వచ్చి చెప్పే తల్లిదండ్రులకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పకపోతే పాఠకులకు అన్యాయం చేసినట్లే. ఆ ఉత్తరాల ద్వారా మాల్కమ్‌కు చేరింది నిజమైన ఇస్లాం కాదు. ఎలైజా ముహమ్మద్ నడిపిన నేషన్ ఆఫ్ ఇస్లాం అనే సంస్థ బోధన అది. ఫర్ద్ అనే మనిషి రూపంలో దేవుడు వచ్చాడని, ఎలైజా అతని ప్రవక్త అని, తెల్లవాళ్లు పుట్టుకతోనే షైతాన్‌లని వాళ్లు చెప్పేవారు. ఇది తౌహీద్‌కు విరుద్ధం, ముహమ్మద్ (సల్లం) అంతిమ దైవప్రవక్త అన్న విశ్వాసానికి విరుద్ధం. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే తాగుడు, జూదం, వ్యభిచారం మాని, శ్రమించి బతకమని వాళ్లు చెప్పిన మాట వేలమంది ఖైదీలను నిలబెట్టింది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాస్తే మాల్కమ్ జీవితం అర్థం కాదు.

1950లో అతన్ని తిరిగి చార్లెస్‌టౌన్‌కు పంపారు. అక్కడ అతనూ, అతని సహచరులూ పంది మాంసం కలవని భోజనం, తూర్పు వైపు తిరిగి నమాజు చేసుకోవడానికి వీలైన గదులు కావాలని అడిగారు. బోస్టన్ పత్రికలకు అది వార్త అయింది.

పెరోల్ అనే మాట మన దగ్గర ఒకలా, అమెరికాలో ఒకలా వాడతారు. మన దగ్గర పెరోల్ అంటే ఖైదీకి పెళ్లికో, చావుకో కొన్నాళ్లు సెలవు. గడువు తీరగానే మళ్లీ రాజమండ్రి సెంట్రల్ జైలుకో, ఎక్కడి నుంచి వచ్చాడో అక్కడికో పోవాలి. అమెరికాలో అయితే శిక్షలో కొంత లోపల అనుభవించాక, మిగిలింది బయట అధికారి పర్యవేక్షణలో పూర్తి చేయడం. ఊరు దాటాలన్నా, ఉద్యోగం మారాలన్నా చెప్పి చేయాలి. షరతు తప్పితే మళ్లీ లోపలికి. జైలు అనే మాటలోనూ తేడా ఉంది. మన సబ్‌జైలులాగా కేసు తేలనివాళ్లనూ, చిన్న శిక్షలవాళ్లనూ ఉంచేదాన్ని అక్కడ జైలు అంటారు. పెద్ద శిక్ష పడినవాళ్లను ఉంచేది ప్రిజన్. 2022 చివరి లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 30 లక్షల మంది ప్రొబేషన్ మీద, 7 లక్షల మంది పెరోల్ మీద ఉన్నారు. మన జైళ్లలోనేమో అదే ఏడాది లెక్కల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు శిక్ష పడనివాళ్లే, విచారణ ఖైదీలే.

పెరోల్ కావాలంటే రెండు చూపించాలి: ఉండటానికి ఇల్లు, చేయడానికి పని. జైలు నుంచి వచ్చినవాడికి ఈ రెండూ ఎవరిస్తారు? మాల్కమ్‌కు పెద్దన్న విల్‌ఫ్రెడ్ ఇచ్చాడు. డెట్రాయిట్ నగరంలో ఒక ఫర్నిచర్ దుకాణానికి అతను మేనేజర్. అక్కడే తమ్ముడికి పని ఇప్పించాడు, తన ఇంట్లో పెట్టుకున్నాడు. 1952 ఆగస్టు 7న మాల్కమ్ విడుదలయ్యాడు. వచ్చీ రాగానే కొనుక్కున్నవి మూడు: మంచి కళ్లద్దాలు, ఒక సూట్‌కేసు, ఒక చేతి గడియారం. దొంగ గడియారంతో లోపలికి వెళ్లినవాడు సొంత గడియారంతో కొత్త జీవితం మొదలుపెట్టాడు.

విల్‌ఫ్రెడ్ ఇంట్లో ఉదయం ఎలా గడిచేదో ఆయన ఎన్నడూ మరువలేదు. ముందు ఇంటి యజమాని లేచి వుజూ చేసేవాడు, తర్వాత భార్య, తర్వాత పిల్లలు. అందరూ ఒకరికొకరు సలాం చెప్పుకుని ప్రార్థనకు నిలబడేవారు. అరుపులు లేవు, తోపులాట లేదు. పదమూడేళ్ల వయసులో చెదిరిపోయిన ఇల్లు ఇరవై ఏడేళ్లకు మళ్లీ దొరికింది. 1953లో ఆయన పెరోల్ గడువు ముగిసి పూర్తిగా స్వేచ్ఛ వచ్చింది.

మన చట్టం కూడా ఇదే అడుగుతుంది. ప్రొబేషన్ చట్టం కింద ఒకణ్ణి సత్ప్రవర్తన బాండు మీద వదలాలంటే, అతనికో అతని హామీదారుకో స్థిరమైన నివాసమో, నికరమైన పనో ఉందని కోర్టు చూసుకోవాలి. ఇల్లు లేదన్నవాడికి చట్టంలో ఉన్న దయ కూడా అందదు. దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం చదివేటప్పుడు మనం ఒక చోట త్వరగా దాటిపోతుంటాం. ఆయనతో జైల్లో ఉండి విడుదలైనవాడు బయటికి వెళ్లాక రాజు దగ్గర ఆయన సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఆ మరుపు వల్ల ఒక దైవప్రవక్త మరికొన్ని సంవత్సరాలు జైల్లోనే ఉండిపోయారు. బయట ఉన్నవాడి మరుపు లోపల ఉన్నవాడికి ఏళ్లవుతుంది.

తర్వాతి పదకొండేళ్లు లోకానికి తెలిసినవే. ఇంటిపేరు లిటిల్ తన పూర్వీకులను బానిసలుగా కొన్నవాళ్లది అని, దాని స్థానంలో ఎక్స్ పెట్టుకున్నారు. 1954 నుంచి హార్లెమ్‌లోని ఏడో నంబరు ఆలయానికి బోధకులయ్యారు. 1958లో బెట్టీతో వివాహం జరిగింది. వారికి ఆరుగురు కుమార్తెలు. ఆయన జైలును మరిచిపోలేదు. ఖైదీలు రాసే ఉత్తరాలకు జవాబులిచ్చేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా జైలులో ముస్లిం ఖైదీలు తమ మతాచరణ హక్కు కోసం వేసిన కేసులో 1962లో బఫలో నగరంలోని కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఇల్లినాయ్ జైల్లో థామస్ కూపర్ అనే ఖైదీ తనకు మతగ్రంథాలు ఇవ్వడం లేదని వేసిన కేసులో, ఖైదీ కూడా తన హక్కుల కోసం కోర్టుకెక్కవచ్చని 1964లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రోజు అక్కడి జైళ్లలో ఏ మతం ఖైదీ అయినా ప్రార్థన కోసం, భోజనం కోసం కోర్టు తలుపు తట్టగలుగుతున్నాడంటే, ఆ దారి వేసినవారిలో ఈ ఖైదీలు ముందున్నారు.

ఎలైజా ముహమ్మద్ సొంత నడవడి గురించి తెలిసిన విషయాలు ఆయన్ను కుదిపేశాయి. 1964 మార్చిలో ఆ సంస్థను వదిలేశారు. హజ్‌కు వెళ్లాలనుకున్నారు, చేతిలో డబ్బు లేదు. బోస్టన్ వెళ్లి అక్క ఎల్లాను అడిగారు. ఆమె తన హజ్ కోసం దాచుకున్న డబ్బు తమ్ముడి చేతిలో పెట్టింది. జైలు మార్పించిన అక్కే కాబా చూపించింది.

జిద్దా విమానాశ్రయంలో ఆయన పాస్‌పోర్టు తీసుకుని ఆపేశారు. ముస్లిం అవునో కాదో హజ్ న్యాయస్థానం తేల్చాలన్నారు. అమెరికాలో వేలమందికి ఇస్లాం పేరుతో ప్రసంగాలు చేసిన మనిషికి నమాజులో కూర్చోవడం సరిగా రాదు, అరబీ రాదు. పక్కనున్న యాత్రికులను చూసి నేర్చుకుంటుంటే అలవాటు లేని చీలమండ వాచిపోయింది. ఆ సిగ్గును ఆయన దాచుకోలేదు. తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నారు. అబ్దుర్రహ్మాన్ అజ్జామ్ కుటుంబం సాయానికి వచ్చి, జిద్దా హోటల్లో తమ సొంత గదులు ఖాళీ చేసి ఆయనకిచ్చింది. ఇది ఆయనకు తెరుచుకున్న మూడో తలుపు. హజ్‌లో నీలికళ్ల తెల్ల ముస్లింలతో ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే తివాచీ మీద పడుకున్నారు, ఒకే ఖిబ్లా వైపు సజ్దా చేశారు. ఒక జాతి మొత్తం పుట్టుకతోనే షైతాన్ అన్న మాట అక్కడ రాలిపోయింది. తాను ఇన్నాళ్లూ చెప్పింది తప్పని మక్కా నుంచే ఉత్తరాలు రాశారు. అల్‌హాజ్ మాలిక్ షబాజ్ అన్న పేరుతో తిరిగివచ్చారు. వేలమంది ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ప్రసంగాలు చేసే మాలాంటివాళ్లకు బాగా తెలుసు.

1965 ఫిబ్రవరి 14 వేకువన భార్యాబిడ్డలు నిద్రపోతున్న ఆయన ఇంటి మీద నిప్పు బాంబులు విసిరారు. వారం తిరక్కుండా, ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లోని ఆడుబాన్ హాలులో ప్రసంగం మొదలుపెడుతుండగా కాల్చి చంపారు. వయసు 39. సూడాన్‌కు చెందిన షేఖ్ అహ్మద్ హస్సూన్ ఆయన భౌతికకాయానికి గుస్ల్ చేయించి, కఫన్ కట్టారు. పదేళ్ల తర్వాత, 1975లో ఎలైజా చనిపోయాక, ఆయన కుమారుడు వారిసుద్దీన్ ముహమ్మద్ ఆ సంస్థలో అత్యధికులను తౌహీద్ వైపు, సున్నత్ వైపు నడిపించారు.

ఆ తల్లి సంగతి చెప్పాలి. మర్నాడు నేనూ, మస్జిద్ కమిటీ పెద్ద ఒకాయనా ఆ ఇంటికి వెళ్లాం. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి వరండాలో మంచం వేయడానికి ఒప్పుకున్నాడు, లోపలికి మాత్రం రానివ్వనన్నాడు. మామిడికాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులో పని ఇస్తామన్నవాళ్లు కూడా కేసు సంగతి తెలిశాక ఆలోచిస్తామన్నారు. పెళ్లివారి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి.

మాల్కమ్ హత్య కేసులో 1966లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. కాల్చింది నేనే, మిగిలిన ఇద్దరికీ సంబంధం లేదని వారిలో ఒకడు కోర్టులోనే ఒప్పుకున్నా ఎవరూ వినలేదు. ఆ ఇద్దరిలో ముహమ్మద్ అజీజ్ 1985లో, ఖలీల్ ఇస్లాం 1987లో పెరోల్ మీద బయటికి వచ్చారు. విడుదలయ్యాక కూడా హంతకులన్న పేరుతోనే బతికారు. దర్యాప్తు సంస్థలు వాళ్లకు అనుకూలమైన ఆధారాలను అప్పట్లోనే తొక్కిపెట్టాయని తేలడంతో 2021 నవంబర్ 18న న్యూయార్క్ కోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. మరుసటి ఏడాది నగరం, రాష్ట్రం కలిసి 3 కోట్ల 60 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. ఆ తీర్పు రోజున ముహమ్మద్ అజీజ్ కోర్టు హాలులో కూర్చుని విన్నారు. ఆయన వయసు 83. ఖలీల్ ఇస్లాం 2009లోనే చనిపోయారు.